అటకమీది ఇంజను నూనె: ఉంచుకొందుమా, అమ్ముదుమా?

అరకులోయనుండి పాడేరు పోవు బాటలో, చాపరాయి జలపాతమునకు చేరువను, డుంబ్రిగుడ ఉన్నది. సంతనాడు ఆ బాటమీద పోవు సర్వీసు జీపును ఒక్కసారి చూచినవారు దానిని మరువలేరు. లోపల పట్టినంతమంది, వెనుక వ్రేలాడువారు కొందరు, పైకప్పుమీద బస్తాలు, కోళ్ళగంపలు. మిట్ట వచ్చినపుడు డ్రైవరు గేరు తగ్గించును. ఇంజను మూలుగుచు ఎక్కును. ఆ మూలుగు వినుచున్నంతసేపును, వెండ్రుకకంటె పలుచనైన నూనెపొర ఒకటి లోపలి ఇనుపభాగములను ఒకదానితో ఒకటి ఒరయనీయక కాపాడుచున్నదని మనకు తోచదు. జీపు యజమానికి మాత్రము తోచును. ఇంజను పట్టివేసినచో ఆ ఇంట పొయ్యి వెలుగుట కష్టము.

అట్టి ఇంట అటకమీద 5 లీటర్ల సింథటిక్ నూనె డబ్బాలు 8 ఉన్నవనుకొందము. 2022 వ సంవత్సరము ఫిబ్రవరిలో ఉక్రెయిను యుద్ధము మొదలైన పిమ్మట ముడిచమురు ధర ఒక్కుమ్మడిగా పెరిగినది. రేపు ఇంకను పెరుగునని భయపడి చేతనున్న పైకమంతయు పెట్టి కొన్నవారు పలువురు. ఆ డబ్బాలకు ఇప్పుడు ఏండ్లు పైబడినవి. ఇంటివారిలో ఒకరు, 'భూమిలో కోట్ల ఏండ్లు చెడని నూనె డబ్బాలో నాలుగేండ్లకే చెడునా? ఉండనిమ్ము' అందురు. వేరొకరు, 'పాత నూనె పోసి ఇంజను పాడుచేసికొనుటకంటె వచ్చిన ధరకు అమ్మివేయుట మేలు' అందురు. ఇరువురి మాటలోను సగము నిజమున్నది. మిగిలిన సగము ఆ డబ్బామీదనే చిన్న అక్షరములతో అచ్చయి ఉన్నది; దానిని చదువుట ఎట్లో తెలిసినచో తగవు తీరును.

ముందుగా ఈ సింథటిక్ నూనె అననేమి? భూమినుండి తీసిన ముడిచమురును కాచి, వడగట్టి, కందెనకు పనికివచ్చు భాగమును వేరుచేయగా వచ్చునది మామూలు ఖనిజ నూనె. జల్లెడ పట్టిన ధాన్యములోకూడ పెద్దగింజ, చిన్నగింజ, తాలు కలసియున్నట్లు, ఆ నూనెలో పలు పరిమాణములుగల అణువులు కలసియుండును. చిన్నవి వేడికి ఆవిరియగును. మైనము వంటివి చలికి గడ్డకట్టును. అట్లుగాక ఇథిలీను వాయువువంటి చిన్న పదార్థము తీసికొని, ఒకే తీరు అణువులను కర్మాగారమున కూర్చి చేసినది అసలైన సింథటిక్ నూనె. రెండవ ప్రపంచయుద్ధకాలమున ముడిచమురు కొరతతో బాధపడిన జర్మనీలో ఈ విద్యకు పదును పెట్టిరి. తరువాత విమానముల జెట్ ఇంజనులకు అది అవసరమైనది. 1970 ప్రాంతములందు కారులకు వచ్చినది. మోబిల్ 1 అను నూనె అమెరికా అంగళ్ళకు వచ్చినది 1974 లో.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. ముడిచమురునుండి వచ్చినదానినే ఉదజని వాయువుతో మిక్కిలి ఒత్తిడియందు శుద్ధిచేసి, అణువుల రూపమును మార్చి, దాదాపు సింథటిక్ గుణములు వచ్చునట్లు చేయు పద్ధతియు కలదు. దీనిని సింథటిక్ అని పిలువవచ్చునా, కూడదా అని రెండు పెద్ద కంపెనీలు అమెరికాలో వివాదపడగా, 1999 లో అక్కడి ప్రకటనల తగవులు తీర్చు సంస్థ పిలువవచ్చునని తేల్చినది. కాబట్టి నేడు డబ్బామీద 'సింథటిక్' అని ఉన్నంతమాత్రమున లోపలి నూనె ఫలానా విధముగనే పుట్టినదని చెప్పుటకు వీలులేదు. నిలువ విషయమున ఇది పెద్ద భేదము కాదు. ఉభయములును గాలి తగలకున్నచో చిరకాలము నిలుచునవే.

అయితే ఇంజను నూనె వట్టి నూనె కాదు. మసిని కడుగు పదార్థము, కడిగిన మసిని అడుగంటక తేల్చియుంచు పదార్థము, లోహపు అరుగుదలను ఆపు జింకు సమ్మేళనము, నురుగు రానీయని సిలికాను, వేడికి నూనె మరీ పలుచబడకుండ కాచు పాలిమరు, ఇన్నియు దానియందు కలిపెదరు. కూరకు పోపువంటివి ఇవి. 'భూమిలో కోట్ల ఏండ్లు' అను వాదము మూలనూనెకు కొంత చెల్లును. ఈ పోపునకు చెల్లదు. ఇవి కలిపినది భూమి కాదు, కర్మాగారము. దీర్ఘకాలము కదలక ఉన్నచో వీటిలో కొన్ని మెల్లగా వేరుపడి అడుగునకు దిగవచ్చును. నీటిచెమ్మ తగిలినచో మరింత త్వరగా విడిపోవును.

చెమ్మ మాట వచ్చినది గనుక మన కొండల సంగతి చూడవలెను. అరకు, డుంబ్రిగుడ ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. వానకాలము నెలల తరబడి మంచు, ముసురు. శీతకాలపు రాత్రులందు చలి ఒక్క అంకెలోనికి దిగును. పగలు ఎండ కాయును. ఈ పగటి వేడి, రాత్రి చలి మధ్య నూనె డబ్బా ఊపిరి పీల్చుననిన ఆశ్చర్యపడకుడు. పగలు లోని గాలి ఉబ్బి, బిరడా సందులగుండ వెలికి పోవును. రాత్రి ముడుచుకొని, వెలుపలి గాలిని లోనికి లాగును. ఆ గాలితో చెమ్మ వచ్చును. ఆరుబయట నిలువుగా పెట్టిన 200 లీటర్ల డ్రమ్ము పైమూతమీద వాననీరు నిలిచినచో, రాత్రివేళ ఆ నీరే బిరడాగుండ లోనికి పీల్చబడును. పైకి చూచుటకు బిరడా బిగువుగనే ఉండును. అందుకే అనుభవజ్ఞులు డ్రమ్మును పరుండబెట్టి, రెండు బిరడాలును ఒకే మట్టమున, ఒకటి కుడి ప్రక్క, ఒకటి ఎడమ ప్రక్క ఉండునట్లు దొర్లించి ఉంచెదరు. అప్పుడు బిరడాలు లోపలి నూనెలో మునిగియుండును. గాలికి దారి ఉండదు.

చిన్న డబ్బాలకు సీలు విప్పనంతవరకు ఈ భయము చాల తక్కువ. అయినను రేకులకప్పు క్రింద సరిగా తగిలియుండు అటక మంచి చోటు కాదు. మధ్యాహ్నము కాలును, తెల్లవారుజామున చల్లబడును. పొయ్యిపైని అటకమీద పొగ తగులుచుండగా విత్తనములకు పురుగు పట్టదని మన పెద్దలు అచట దాచెడివారు. ఆ నీతి నూనెకు పనికిరాదు. గోడనీడను, నేల తడి తగులకుండ ఒక బల్లచెక్కమీద, నిలువుగా పెట్టుట చాలును. చలికి జడియనక్కరలేదు. డబ్బామీద 20 డబ్ల్యూ అని ఉన్న నూనెకే సున్నకు 15 డిగ్రీలు దిగువన ఇంజను తిరుగునా అని పరీక్ష ఉన్నది. 5 డబ్ల్యూ అని ఉన్నదానికి ఆ పరీక్ష సున్నకు 30 డిగ్రీలు దిగువన. మన కొండలలో అంత చలి ఎన్నడును లేదు. సింథటిక్ నూనెవలన మనకు కలుగు లాభము చలిలో కాదు, నిండు బరువుతో ఘాటు ఎక్కునపుడు పుట్టు వేడిలో.

ఇక ఎన్ని ఏండ్లు? సీలు విప్పని డబ్బాను తగినచోట దాచినచో 5 ఏండ్లవరకు వాడవచ్చునని పెక్కు తయారీదారులు చెప్పుదురు. కొందరు అంతకంటె తక్కువయే చెప్పుదురు. డబ్బామీద ఏ గడువు వ్రాసియున్నదో అదియే ప్రమాణము. ఈ లెక్క మీరు కొన్న దినమునుండి కాదు, తయారైన నెలనుండి. 2011 నాటి పొట్లపు సరకుల తూనికకొలతల నిబంధనల ప్రకారము తయారైన నెల, సంవత్సరము అచ్చువేయవలెను గనుక వెదకినచో అది కనబడును. అంగడివాడు తగ్గించి ఇచ్చిన పెట్టె అప్పటికే రెండేండ్ల పాతదేమో, ఇంటికి వచ్చిన తరువాత చూచుకొన్నవారున్నారు. విప్పిన డబ్బా సంగతి వేరు. దానిని ఆరు నెలలు మొదలు ఏడాది లోపల వాడివేయవలెను.

అనుమానమున్న డబ్బాను ఇంటనే కొంత పరీక్షింపవచ్చును. శుభ్రమైన గాజుగ్లాసులో పోసి వెలుతురునకు పట్టి చూడుడు. పాలు కలసినట్లు మబ్బుగా ఉన్నచో నీరు చేరినది. డబ్బా అడుగున జిగటమడ్డి కనబడి, బాగుగా కదిపి ఒక దినము ఉంచినను మరల దిగినచో దానిని ఇంజనులో పోయరాదు. నీటిని పట్టుటకు మెకానిక్కులు చేయు ఉపాయము మరొకటి కలదు. బాగుగా కాలిన ఇనుపరేకుమీద ఒక్క చుక్క వేయుదురు. నీరున్నచో, వెన్న కాచునపుడు వలె చిటపటలాడును. లేనిచో చప్పుడు చేయక పరచుకొనును. కంటికి దూరముగా ఉంచి చేయవలెను. ఈ పరీక్షలు చెడినదానిని పట్టి ఇచ్చునుగాని, మంచిదని హామీ ఇయ్యవు.

ఇంతవరకు నూనె చెడుటను గురించి చెప్పితిని. నిజమునకు నిలువచేసినవారు ఎక్కువగా నష్టపోవునది నూనె చెడుటవలన కాదు. నూనె బాగుగనే ఉండి, బండికి తగకపోవుటవలన. అమెరికా పెట్రోలియము సంస్థ పెట్టిన గుర్తులు డబ్బామీద ఉండును. 'ఎస్' తో మొదలైనచో పెట్రోలు ఇంజనుకు, 'సి' తో మొదలైనచో డీసెలు ఇంజనుకు. రెండవ అక్షరము ముందుకు పోయినకొలది ప్రమాణము కొత్తది. ఎస్.ఎన్. 2010 లో వచ్చినది, ఎస్.పి. 2020 లో, ఎస్.క్యూ. 2025 లో. డీసెలులో సి.ఐ.4 వచ్చినది 2002 లో, సి.కె.4 వచ్చినది 2016 చివర. పెట్రోలు బండి పుస్తకములో ఎస్.ఎన్. అని ఉన్నచో ఎస్.పి. నూనె పోయవచ్చును. ఎస్.పి. అడిగిన బండికి పాత ఎస్.ఎన్. పోయరాదు. అనగా మీ అటకమీద ఉన్న డబ్బా మారకపోయినను, ఇంటిముందున్న బండి మారినచో, ఆ డబ్బా ముసలిదైనట్లే.

డీసెలు బండ్లలో ఈ మార్పు మరింత తీవ్రమైనది. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున కొత్త బండ్లకు భారత్ స్టేజి 6 నియమము వచ్చినది. ఆ బండ్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ ఒకటి అమర్చెదరు. ఇంజనులో కొంచెము కొంచెముగా కాలు నూనెలోని లోహపు పాలు బూడిదగా మారి ఆ జల్లెడను చేరును. మసిని కాల్చి శుభ్రము చేయవచ్చును. బూడిద కాలదు, అట్లే ఉండిపోవును. కనుక బూడిద తక్కువ చేయు నూనెనే అవి అడుగును. సి.కె.4 లో బూడిద నూటికి 1 వంతు మించరాదు. ఐరోపావారి సి3 అను గుర్తుగల నూనెలో 0.8 వంతులు మించరాదు. పాత జీపునకు కొన్న సి.ఐ.4 డబ్బాలకు అట్టి హద్దు లేదు. పాత జీపును అమ్మి కొత్తబండి కొన్న ఇంటివారు, ఉన్న నూనె వృథా ఎందుకని దానిలో పోసినచో, నూనెకు పెట్టిన డబ్బుకంటె ఎన్నో రెట్లు ఆ జల్లెడకు పెట్టవలసివచ్చును.

మోటారుసైకిలు విషయము ఇంకను జాగ్రత్తగా చూడవలసినది. కొండ ఊళ్ళలో నేడు జీపుకంటె మోటారుసైకిలే హెచ్చు. పెక్కు మోటారుసైకిళ్ళలో ఇంజనును, గేర్లను, క్లచ్చిని తడుపు నూనె ఒక్కటే. కారు నూనెలలో పెట్రోలు పొదుపుకొరకు రాపిడిని తగ్గించు పదార్థములు కలుపుట కలదు. అవి క్లచ్చి పలకలకు తగిలినచో అవి ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనలేవు. చదునుబాటమీద ఇది తెలియకపోవచ్చును. అనంతగిరి ఘాటులో, వెనుక భార్యయు ముందు బిడ్డయు కూర్చుండియుండగా, మిట్టమీద ఇంజను హోరెత్తుచున్నను చక్రము బలము చాలక బండి వెనుకకు జారినపుడు తెలియును. జపానువారు దీనికై జాసో అను గుర్తు పెట్టిరి. ఎం.ఏ. గాని, ఎం.ఏ.2 గాని ఉన్నది తడిక్లచ్చిగల మోటారుసైకిళ్ళకు, ఎం.బి. అనునది సామాన్యముగా గేర్లులేని స్కూటర్లకు. అటకమీది డబ్బాపై ఈ గుర్తు లేనిచో, అది ఎంత ఖరీదైనదైనను, ఇంట జీపునకు ఎంత నప్పినను, మోటారుసైకిలులో పోయరాదు. వెల హెచ్చైన మందు అన్ని రోగములకు పనికిరానట్లే, వెల హెచ్చైన నూనె అన్ని బండ్లకు పనికిరాదు. ఈ మాట కారులకై చేసిన పలుచని 0 డబ్ల్యూ 20 నూనెను పాత డీసెలు జీపులో పోయుదమనువారికిని చెల్లును.

గుర్తులు సరిపోయినవనుకొందము. ఇప్పుడు లెక్క వేయవలెను. మన జీపు ఒకసారికి 6 లీటర్లు తీసికొనుననుకొందము. పుస్తకము ప్రకారము 10,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చవలెను. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరుగును. అనగా 12 లీటర్లు. నడుమ తగ్గినపుడు పోయుటకు మరి 3 లీటర్లు. మొత్తము ఏడాదికి 15 లీటర్లు. ఉన్న నిలువ 40 లీటర్లు. 5 ఏండ్ల గడువులో 3 ఏండ్లు గడచిపోయినచో మిగిలినది 2 ఏండ్లు. ఆ రెండేండ్లకు కావలసినది 30 లీటర్లు, అనగా 6 డబ్బాలు. వాటిని ఉంచుకొనవలెను. ఎందుకనగా అమ్మినచో వచ్చు ధర కొన్నధరకు తగ్గును, రేపు మరల కొనవలసినపుడు నిండుధర ఇయ్యవలెను. మిగిలిన 2 డబ్బాలు గడువులోపల మన జీపు త్రాగజాలదు. అవి అమ్మవలసినవి, అదియును గడువు ఇంకను చాలినంత ఉండగనే. నాలుగు ఏండ్లు నిండిన డబ్బాను ఏ మెకానిక్కును మనసార కొనడు. మీ బండి తిరుగు దూరము, త్రాగు నూనె, డబ్బా తేదీ, ఈ మూడు అంకెలు మార్చినచో ఈ లెక్కయే మీకును సరిపోవును.

'ఇప్పుడెందుకు, ధర పెరిగిన తరువాత అమ్ముదము' అను ఆశ ఒకటి అడ్డు వచ్చును. కొండప్రాంతమున ఇది సహజము. పసుపు, చింతపండు, మిరియములు పంట రోజులలో అమ్మక ఆగినవారికి ఒక్కొక్కప్పుడు మేలు జరిగినది. 1956 లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఏ యేడు ఎంతకు కొనునోయని ఎదురుచూచుట ఇక్కడివారికి కొత్త కాదు. అయితే చింతపండు మొహమున ధర అచ్చువేసియుండదు. నూనె డబ్బాపై గరిష్ఠ చిల్లరధర ఉండును. పైన చెప్పిన నిబంధనల ప్రకారమే పొట్లపు సరకును ఆ ధరకు మించి అమ్ముట ఎవరికిని తగదు. కొత్త డబ్బాలపై ధర రెట్టింపైనను మీ పాత డబ్బా పాత అంకెను దాటలేదు. క్రిందికి దిగుటకు మాత్రము హద్దు లేదు. ముడిచమురు ధర ఎట్టి చపలమో చెప్పనక్కరలేదు: 2020 ఏప్రిలు 20 న అమెరికాలో ఒక పూట అది సున్నకంటె దిగువకు పోయినది; రెండేండ్లు తిరుగకముందే, 2022 మార్చిలో, పీపా 130 డాలర్లు దాటినది. అట్టిదానిపై పందెము కాయుటకు అటకమీది రెండు డబ్బాలు తగిన ఆస్తి కావు. ఆ పైకము తొలకరికి విత్తనమునకైనను పనికివచ్చును.

అమ్మునపుడు కొన్న రసీదును కూడ ఇండు. కల్తీనూనెలు తిరుగుచున్న ఈ రోజులలో రసీదు లేని డబ్బాను చూచి మెకానిక్కు వెనుదీసినచో అతని తప్పు లేదు. తయారైన నెలను మీరే వ్రేలుపెట్టి చూపుడు. అది ఏ బండికి తగునో, ఏ బండికి తగదో చెప్పుడు. పొరుగూరి జీపును మనము ఎక్కకపోము. సీలు విప్పిన డబ్బాను అమ్మనే రాదు, ఇంట వాడుకొనవలెను.

గడువు దాటినదియు, చెమ్మ తగిలినదియు ఏమి చేయవలెను? గడువు మాత్రమే దాటి తేటగా ఉన్న నూనె బండి ఇరుసుకు, తలుపు బందులకు, నాగలికఱ్ఱు త్రుప్పు పట్టకుండ పూయుటకు పనికివచ్చును. నీరు కలసినదానిని మెకానిక్ షెడ్డులో వాడిన నూనెను పోగుచేయు డ్రమ్ములో పోయించుడు. వాడిన నూనెను మరల శుద్ధికి పంపు బాధ్యతను తయారీదారులపై పెట్టు నిబంధనలు 2024 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినవి. దీపములో గాని పొయ్యిలో గాని కాల్చరాదు. దానిలోని లోహముల పొగ ఇంటివారే పీల్చవలసివచ్చును. చాపరాయి గెడ్డలో పారబోయుట మాట తలపెట్టనే వలదు. ఆ నీటిలోనే పిల్లలు ఆడెదరు, దిగువ ఊళ్ళవారి పశువులు త్రాగును.

ఖాళీ డబ్బా సంగతి ఒకటి మిగిలినది. చూచుటకు గట్టిగా, పిడితో సహా ముచ్చటగా ఉండుటచే దానిని కడిగి మంచినీటికో, వంటనూనెకో వాడుట పలుచోట్ల కానవచ్చును. ఎన్నిమారులు కడిగినను ప్లాస్టిక్కు లోపల ఇంకిన నూనె పోదు. ఆ డబ్బాలో ఆహారపదార్థము ఏదియు పోయరాదు. పాతసామానులవానికి ఇచ్చునపుడుకూడ మూతను వేరుచేసి, అడుగున మేకుతో రెండు తూట్లు పొడిచి ఇయ్యవలెను. కల్తీనూనె నింపువారు వెదకునది అట్టి మంచి ఖాళీడబ్బాలనే.